తట్టి మీద ముఖం

ఎద్దుల పండగకు నాలుగు రోజుల ముందు యతీశ్ మా ఇంటికి వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, తెచ్చిన బీపీ మాత్రలు అలమరలో వాటి చోట్లో పెట్టాడు. పనిమీద కృష్ణగిరి వెళ్లినప్పుడల్లా తెస్తాడు. అక్కడి కాలేజీలో నేను చరిత్ర చెప్పిన రోజుల్లో అతను చివరి బెంచీలో కూర్చునేవాడు. ఇప్పుడు వీధిపార్టీకి మా ఊరి కార్యదర్శి. నా భార్య మునెమ్మ పోయిన ఈ నాలుగేళ్లలో నా మాత్రలు ఎప్పుడు అయిపోతాయో గుర్తుపెట్టుకున్న మనిషి అతనొక్కడే. ముందే ఈ మాట చెప్పుకోవాలి. తర్వాత జరిగింది వింటే అతన్ని చెడ్డవాడనుకోవడం సులభం.

"లిస్టు ఒక తూరి చూడండి సార్. మైకులో చదివేది మీరే కదా."

నలభై రెండు ఎద్దులు. నంబరు, ఎద్దు పేరు, యజమాని, ఊరు. చివరి గడి పైన 'తట్టి మీద' అని రాసి ఉంది. దాని కింద నలభై ఒక్కసార్లు 'రాజప్పన్న' అనే ఉంది. పదిహేడో వరుసలో మాత్రం ఖాళీ.

గురుబరపల్లి చుట్టుపక్కల మా ఊళ్లలో ఎద్దుల పండగంటే, వెదురు దబ్బలతో చట్రం కట్టి, రంగు కాగితాలు అతికించి, ఎద్దు కొమ్ముల మధ్య కడతారు. దాన్నే తట్టి అంటాం. మధ్యలో ఎవరిదో ఒక ఫోటో ఉంటుంది, దేవుడిదో, సినిమా హీరోదో, పోయిన తాతదో. వీధికి రెండు పక్కలా నిలబడ్డ కుర్రాళ్లు పరుగెత్తే ఎద్దు మీదికి ఎగబడి ఆ తట్టి లాక్కోవాలి. చేతికి చిక్కితే కుర్రాడి గెలుపు, చిక్కకుండా వీధి దాటితే ఎద్దు గెలుపు. ఇరవై రెండేళ్లుగా మూడు భాషల్లో మైకు పట్టుకుని ఆ సంగతి చెప్పేవాణ్ణి నేను.

"పదిహేడు మా మామది" అన్నాడు యతీశ్. శ్రీరంగప్ప అతనికి మేనత్త భర్త. "ఫోటో మూడు తూర్లు పంపినాను. చూస్తాంలే, చూస్తాంలే అంటా ఉండాడు. మీరు చెప్తే ఇంటాడు సార్."

"కట్టకపోతే?"

"ఏమీ లేదు సార్. ఎవరేమంటారు?" కాసేపు లిస్టు వైపే చూశాడు. "ఆ మండీ లింగయ్య వాళ్లింటికి వస్తా పోతా ఉండాడా?"

లింగయ్యకు కృష్ణగిరిలో మామిడికాయల మండీ ఉంది. ఒకప్పుడు పాత పార్టీకి మా వైపు పెద్ద దిక్కు. ఇప్పుడాయన నమస్కారం పెడితే చాలామంది చూడనట్టు పోతారు.

"రావడమేముంది" అన్నాను. "ఆ ఎద్దు ఆయన ఆవుకు పుట్టిన దూడే కదా. ఆ ప్రేమకొద్దీ ఉలవలు పంపుతుంటాడు అప్పుడప్పుడు."

"ఉలవలు" అన్నాడు యతీశ్. తాగిన కాఫీ గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు.

ఆ ఒక్క మాట నేను నోట్లోనే ఉంచుకోవలసింది.

*

వీధిపార్టీ ఎలా పుట్టిందో నాకు బాగా తెలుసు. అది పుట్టిన చోట నేనున్నాను.

తొమ్మిదేళ్ల కిందట మందలు మేసే బయలు చుట్టూ కంచె వేశారు. ఏదో కంపెనీకి ఇచ్చారన్నారు. ఆ ఏడాదే పాత పార్టీ మంత్రి మనుషులు పండగ ఖర్చు పెట్టుకుని, ప్రతి తట్టి మీదా మంత్రి ఫోటో అతికించారు. మూడో ఎద్దుకే ఫోటో సగం చినిగింది. నేను మైకులో నోరు జారాను. "మంత్రిగారి నోరు ఊడింది, చెవులు మిగిలాయి! ఇప్పుడైనా మన మాట వింటారు!" అన్నాను. వీధి వీధంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు సద్దుమణగకముందే టెంపో నడిపే రాజప్ప నీళ్ల ట్రాక్టరెక్కి కంచె గురించి మాట్లాడాడు. పట్టుమని పది నిమిషాలు కూడా కాదు. మర్నాడు మూడు వందల మంది హైవే మీద కూర్చున్నారు. పోలీసులు కొట్టారు. శ్రీరంగప్ప ముంజేతి ఎముక విరిగింది. ఆ కట్టుతోనే అతను ఊరూరూ తిరిగి కొత్త పార్టీ పేరు చెప్పాడు.

రాజప్ప పంచాయతీ యూనియన్ ఛైర్మన్ అయ్యాడు. ఐదేళ్ల తర్వాత మొదటిసారికంటే ఎక్కువ ఓట్లతో మళ్లీ అయ్యాడు. మంచి చేయలేదని అనను. నీళ్ల పైపు వచ్చింది. ముసలివాళ్ల పింఛను కాగితాలకు ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. ఎవరింట్లో చావైనా ముందుగా వస్తాడు. మునెమ్మ పాడె మోసిన నలుగురిలో అతనొకడు. చెమటతో తడిసిన ఆ భుజం నాకింకా గుర్తుంది.

కంచె మాత్రం అలాగే ఉంది. అడిగితే, వాళ్లు తీయనివ్వడం లేదంటాడు. మొదట్లో వాళ్లంటే మంత్రి. తర్వాత కలెక్టరాఫీసు. తర్వాత బెంగుళూరు కంపెనీలు. ఇప్పుడు "మనలోనే ఉండారు" అంటున్నాడు. ఛైర్మన్ కుర్చీలో కూర్చున్న మనిషి స్టేజీ ఎక్కితే, ఇంకో నిమిషంలో తనను పోలీసులు ఈడ్చుకుపోతారన్నట్టు మాట్లాడతాడు. జనం ఆ మాటకే చప్పట్లు కొడతారు. తమను ఎవరూ లెక్కచేయని రోజులు వాళ్లకింకా గుర్తున్నాయి. అవి గుర్తున్నంతకాలం అతను ఓడిపోడు.

ఏ ఎద్దుకు ఎవరి ముఖం కట్టాలో ఎవరూ చెప్పలేదు. రెండోసారి గెలిచాక అన్ని ఎద్దులకూ రాజప్ప ముఖమే వచ్చింది. కిందటేడు మా జిల్లాలోనే పోచంపల్లి వైపునుంచి వచ్చిన ఆటో కుర్రాడొకడు తెలియక తట్టి లాగి చించాడు. చించి నవ్వాడు. ఎవరూ అతన్ని ఒక్క మాటనలేదు. నెల తిరిగేసరికి ఏ స్టాండులోనూ అతని ఆటోకు చోటు లేకుండా పోయింది. ఇప్పుడు బెంగుళూరులో ఉన్నాడంటారు.

*

శ్రీరంగప్ప కొట్టంలో కరియకు కొమ్ములు చెక్కుతున్నాడు. నల్లటి ఎద్దు, పేరుకు తగ్గట్టే ఉంటుంది. గాజుపెంకుతో గీకుతుంటే కళ్లు సగం మూసుకుని నిలబడింది. పక్కన గోడకు ఆనించిన తట్టి నిండా పసుపు కాగితమే. మధ్యలో ఏమీ లేదు.

"రాప్పా ఎంకటేశులప్పా. నిన్ను పంపిస్తాడని అనుకుంటానే ఉండాను" అన్నాడు.

"నేనే వచ్చినానప్పా" అన్నాను. మా ఊరి మాట నా నోటికి అలాంటి చోట్లే వస్తుంది.

అతని భార్య కెంచమ్మ తొట్టిలో ఉలవలు కలుపుతూ తలెత్తలేదు. "నువ్వైనా చెప్పన్నా. ఈయప్ప పట్టిందే పట్టు. ఫోటో ఏమన్నా బండరాయా, ఎద్దు మోయలేక పడిపోయేదానికి?"

"ఎద్దు మోస్తాది. నేనే మోయలేను" అన్నాడు శ్రీరంగప్ప. "తొమ్మిదేండ్లు మోసినా. ఆ కంచె పీకించమను, నేనే అంటిస్తా. ఆయప్ప ముఖం, ఆయప్ప పెండ్లాం ముఖం, ఆయప్ప కారు డ్రైవరు ముఖం, అందరిదీ అంటిస్తా."

"ఛీ, నోరు మూయి. గోడకు చెవులుండాయో ఏమో."

"ఉండనీ. మన గోడే కదా."

కెంచమ్మ చేతులు తొట్టిలోనే ఆగిపోయాయి. "నీకు నవ్వులాటగా ఉండాది. పండగలో ఎద్దును ఒక తూరి తప్పిస్తే మళ్లా లిస్టులో ఎక్కించరు. ఎక్కని ఎద్దును ఏం చేస్తావు? కసాయోడికి ఇస్తావా? తర్వాత మందను యాడ తోలుతావు? మిగిలిన ఈ చిన్నబయలు కూడా వద్దంటే?"

శ్రీరంగప్ప గాజుపెంకు కింద పెట్టాడు. ఎద్దు మెడ కింద వేలాడే గంగడోలును అరచేత్తో నిమిరాడు. ఆ చేతి ముంజేయి కాస్త వంకరగా అతుక్కుంది. "నేనేం ఎదురు తిరగడంలేదప్పా" అన్నాడు చివరికి, నా వైపు తిరిగి. "పాత పార్టీ ముఖం కట్టినానా? లేదే. ఈ ఏడు ఎవురి ముఖమూ వద్దు. ఎద్దుకు ఒక ముఖముండాది, అది చాలు. అంతే నేను అడిగేది. అది కూడా తప్పా?"

తప్పు కాదు. అలాగని కెంచమ్మ భయమూ తప్పు కాదు. ఇద్దరినీ చూస్తూ కూర్చున్నాను. జీవితమంతా నేను చేసింది ఇద్దరికీ నొప్పి లేని దారి వెతకడమే. ఆ రోజూ ఒకటి దొరికిందనుకున్నాను.

"ఫోటో తట్టికి వెనకాల అంటించు" అన్నాను. "ఎద్దు నుదుటి వైపు. గేటు దగ్గర చూస్తే ఉంటుంది. అబద్ధం కాదు. వీధిలో పరుగెత్తితే జనానికి కనబడేది పసుపు కాగితమే."

కెంచమ్మ మొదటిసారి నవ్వింది. "చదువుకున్నోళ్ల బుర్ర!" అంది.

శ్రీరంగప్ప తట్టిని తిప్పి వెనకవైపు చూశాడు. "ఎద్దు ఒక్కటే చూస్తాదన్నమాట ఆ ముఖాన్ని" అన్నాడు. తర్వాత లేచి బంకకు మైదాపిండి ఉడికించమన్నాడు.

*

పండగ రోజు పొద్దున తొమ్మిదికే వీధి నిండింది. మేడల మీద, లారీ టాపుల మీద జనం. వీధి చివర స్టేజీ మీద రాజప్ప, అతని పక్కన బహుమతుల బీరువాలు, సైకిళ్లు. నేను స్టేజీ మెట్ల పక్కన మైకు ముందు కూర్చున్నాను. లింగయ్య ఎదురరుగు మీద రాతిబల్లపై ఒక్కడే గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. తన దూడ పరుగు చూడటానికి ఏటా వస్తాడు.

గేటు తెరిచారు. మొదటి ఎద్దు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. కొమ్ముల మధ్య రాజప్ప నవ్వుతున్నాడు. రెండు పక్కలా కుర్రాళ్లు ఈల వేశారు, గంతులు వేశారు, కానీ ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. కొందరు చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఎద్దు వీధి దాటింది.

"ఎవరికీ చిక్కలేదు!" అన్నాను మైకులో.

రెండోది. ఎవరికీ చిక్కలేదు. మూడోది. ఎవరికీ చిక్కలేదు. మనుషుల చేతులకు అలవాటుపడ్డ ఎద్దులు, అవి రాకపోయేసరికి సగం వీధిలో వేగం తగ్గించి, నడుచుకుంటూ స్టేజీ దాటిపోయాయి. చప్పట్లు మాత్రం ప్రతిసారీ సమంగా, ఒకే కొలతలో వినిపించాయి. పదహారుసార్లు నేను అదే మాట అన్నాను. మూడు భాషల్లో.

గేటు దగ్గర యతీశ్ ప్రతి తట్టినీ చూసి లిస్టులో టిక్కు పెడుతున్నాడు. కరియ వంతు వచ్చింది. అతను తట్టి అంచు ఎత్తి వెనక్కి చూశాడు. ఆపుతాడనుకున్నాను. ఆపలేదు. టిక్కు పెట్టి, నేను కూర్చున్న వైపు ఒకసారి చూశాడు. తర్వాత గేటు వదిలాడు.

నల్ల ఎద్దు మీద పసుపు తట్టి, ఎండలో మెరిసిపోతూ. ముఖం లేదు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవడో "రేయ్, ఖాళీ తట్టి!" అని అరిచాడు. అంతే. పొద్దుటినుంచి వెనక్కి కట్టుకున్న చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. పది మంది మీద పడ్డారు, ఎద్దు విదిలించింది. ఇంకో పది మంది. ఆడవాళ్లు మేడల మీదినుంచి కేకలు. ఎవరిదో పంచె ఊడింది, జనం పగలబడి నవ్వారు. నేనూ లేచి నిలబడ్డాను. "కరియ! శ్రీరంగప్ప కరియ! పట్టుకోండ్రా చేతనైతే! అదిగో ఆ ఎర్ర చొక్కా తప్పిపోయింది!" అని అరిచాను. గొంతు ఎండిపోయేంతగా అరిచి ఎన్నేళ్లయిందో. ఆ అర నిమిషం మా ఊరు మా ఊరిలా ఉంది. శ్రీరంగప్ప గేటు దగ్గర పసిపిల్లాడిలా ఎగురుతున్నాడు.

స్టేజీకి ఇరవై అడుగుల దూరంలో గోకుల్ దొరకబుచ్చుకున్నాడు. హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడు, బలమైనవాడు. కొమ్ము పట్టుకుని వేలాడి, తట్టి అంచు అందుకుని లాగాడు. దబ్బలు పటపట విరిగాయి. కాగితం నిలువునా చినిగింది. గెలిచిన ముక్కను తలపైకెత్తి జనం వైపు తిరిగాడు.

అతను మా వైపు చూపించింది పసుపు పక్క కాదు. రాజప్ప ఒక కన్నూ, సగం మీసమూ, చినిగిన నవ్వూ.

ఈలలు ఒక చివరినుంచి ఆగిపోతూ వచ్చాయి. జనం వైపు చూసి గోకుల్ తన చేతిలోకి చూసుకున్నాడు. చెయ్యి దించడం మరిచిపోయాడు.

రాజప్ప లేచాడు. తొందరేమీ లేదు. మెట్లు దిగి గోకుల్ భుజం తట్టి, చేతిలోని ముక్క తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వేం చేసినావప్పా? నీకు తెలీదు కదా" అన్నాడు మెత్తగా. శ్రీరంగప్పను పిలిపించి కౌగిలించుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి మైకుకోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను.

"నాకోసం చెయ్యి విరగ్గొట్టుకున్న మనిషి ఇతడు" అన్నాడు. అతని గొంతు వీధంతా మోగింది. "ఇతని చేత నా ముఖాన్ని దాచిపెట్టించినారు. మన బిడ్డ చేతనే చింపించినారు. నేను ముందే చెప్పినాను, వాళ్లు మనలోనే ఉండారని. చెప్పినానా లేదా?"

"చెప్పినావన్నా!" అంది వీధి.

"ఎవురు చెప్పినారప్పా నీకు, ఇట్ల చేయమని?"

శ్రీరంగప్ప నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అతను నేలకేసి చూస్తున్నాడని నాకు తెలిసింది. "నేనే చేసినానన్నా" అన్నాడు.

నేను ముందుకెళ్లాను. "చెప్పింది నేను రాజప్పా. నా ఆలోచనే" అన్నాను.

రాజప్ప అరచేత్తో మైకు మూశాడు. నన్ను చూసి నవ్వాడు, దయగా, మునెమ్మ పోయిన రోజు చూసినట్టే. "మీరు కాదు సార్. మీరు మనోళ్లు. పోయి కూర్చోండి, ఎండగా ఉండాది" అన్నాడు చిన్నగా. గేటు దగ్గరనుంచి వచ్చిన యతీశ్ నా మోచెయ్యి పట్టుకుని నీడలోకి నడిపించాడు. మంచినీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చాడు.

మైకు మీదినుంచి చెయ్యి తీశాడు రాజప్ప. "శ్రీరంగప్పా, ఒక్క మాట అడుగుతా. నీ ఎద్దు తినే ఉలవలు యాడనుంచి వస్తా ఉండాయి? లింగయ్య మండీనుంచి వస్తాయా, రావా?"

వస్తాయి. ఎప్పుడో ఒకసారి, దూడమీది ప్రేమకొద్దీ. కానీ అతనడిగింది వస్తాయా రావా అని మాత్రమే. శ్రీరంగప్ప నోరు తెరిచాడు. ఇంకేదో చెప్పాలనుకున్నాడు. గుంపులోంచి కెంచమ్మ వచ్చి అతని తువ్వాలు వెనకనుంచి పట్టుకుంది. లాగలేదు, ఊరికే పట్టుకుంది.

"వస్తాయన్నా" అన్నాడు శ్రీరంగప్ప.

"ఇన్నారు కదా" అన్నాడు రాజప్ప.

లింగయ్య గురించి అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు. తట్టి చిక్కినా, ఇంకా ఇరవై ఐదు ఎద్దులు మిగిలి ఉన్నా, కరియకే మొదటి బహుమతి అన్నాడు. శ్రీరంగప్ప మెడలో దండ వేశాడు. బీరువా ఇచ్చాడు. దండ వేసినప్పుడు శ్రీరంగప్ప ఏడ్చాడు. జనం అది సంతోషమనుకుని చప్పట్లు కొట్టారు.

రాతిబల్ల దగ్గర ఎవరూ ఎవరినీ తోయలేదు, ఎవరూ తిట్టలేదు. అరుగు మీద లింగయ్యకు అటూ ఇటూ నిలబడ్డవాళ్లు మాత్రం ఒక్కొక్కరే దిగిపోయారు. గొడుగు నీడలో నిలబడ్డ ఒక పిల్లను తల్లి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. కిళ్లీకొట్టతను షట్టరు సగం దించాడు. లింగయ్య గొడుగు మూయాలో తెరిచి ఉంచాలో తెలియనట్టు చేతిలో తిప్పుతున్నాడు.

"పద్దెనిమిది చదవండి సార్" అన్నాడు యతీశ్, మైకు చేతికిచ్చి, లిస్టు నా ముందు పెట్టి. "లేట్ అవతా ఉండాది."

లిస్టు చూశాను. పద్దెనిమిదో ఎద్దు మంచి ఎద్దు. పేరు కూడా ముచ్చటైనది. మైకు బల్ల మీద పెట్టి లేచాను.

"యాడికి సార్?"

ఎదురరుగు వైపు నడిచాను. వీధి దాటడానికి ఇరవై అడుగులు కూడా లేవు. చాలాసేపు పట్టింది. వెనకనుంచి యతీశ్ గొంతు మైకులో వినబడింది. తమిళం, తెలుగు, కన్నడం, మూడూ స్పష్టంగా పలికాడు. కాలేజీలో అతనికి పలకడం నేర్పింది నేనే.

లింగయ్య నన్ను చూసి కంగారుపడ్డాడు. "నువ్వు రాకప్పా. నిన్ను కూడా నాతో లెక్కేస్తారు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేనేం చేసినాను ఎంకటేశులప్పా? ఉలవలు పంపినాను, అంతే కదా?"

"ఫోటో తిప్పమని చెప్పింది నేను" అన్నాను. "ఉలవల సంగతి యతీశ్‌కు చెప్పిందీ నేనే."

ఆయన గొడుగు తిప్పడం ఆపాడు. గేటు తెరుచుకుంది. పద్దెనిమిదో ఎద్దు నడుచుకుంటూ మా ముందునుంచి పోయింది. కొమ్ముల మధ్య నవ్వే ముఖం చెక్కుచెదరకుండా పోయింది. ఈసారి చూస్తున్నది ఎద్దును కాదు. వీధిలో సగం మంది మమ్మల్ని చూస్తున్నారు.

లింగయ్య గొడుగు ఎడమచేతికి మార్చుకుని, బల్ల మీద కాస్త జరిగి నాకు చోటిచ్చాడు.